పెద్ద ఉప్పునీటి అక్వేరియంతో ఇల్లు మారుతున్నారా? మీకు సరిపడే పద్ధతి ఎంచుకోండి

నాలుగడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న అద్దాల తొట్టిని అంచుదాకా నింపితే సుమారు 450 లీటర్లు పడుతుంది. ఉప్పునీరు మంచినీటి కంటే బరువు కాబట్టి ఆ నీరే 460 కిలోల దాకా తూగుతుంది. 12 మిల్లీమీటర్ల అద్దంతో కట్టిన ఖాళీ తొట్టి మరో 90 కిలోలు. రాళ్లు, ఇసుక, స్టాండు, కింద ఉండే సంప్ (నీటిని వడగట్టే చిన్న తొట్టి) కూడా కలిపితే మొత్తం 700 కిలోలకు అటూ ఇటూగా తేలుతుంది. బదిలీ మీద ఒడిశాలోని బరంపురం నుంచి పర్లాకిమిడికో రాయగడకో, పిల్లల చదువు కోసం విశాఖపట్నానికో మారే కుటుంబం బీరువా, ఫ్రిజ్, మంచాలు ప్యాకర్లకు అప్పగించి నిశ్చింతగా ఉండవచ్చు. ఈ తొట్టిని మాత్రం అలా అప్పగించడానికి లేదు. ఎప్పుడు విప్పాలి, ఏది ముందు తీయాలి, ఏది ఎంతసేపు నీరు లేకుండా ఉండగలదు అన్నవి దాన్ని పెంచిన మనిషికే తెలియాలి.

మా గంజాం, గజపతి జిల్లాల్లో ఇలా ఇల్లు మారేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న "ఏ బండి మాట్లాడుకోవాలి?" అని. బండి సంగతి ఆఖరున చూసుకోవచ్చు. ముందు తేల్చుకోవలసింది పద్ధతి.

తొట్టిలో అసలు ప్రాణం ఎక్కడుందో తెలిస్తే ఎంపిక సగం తేలిపోతుంది. చేపల విసర్జనల నుంచి, మిగిలిపోయిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారిస్తే, మరో రకం ఆ నైట్రైటును అంతగా హాని చేయని నైట్రేటుగా మారుస్తుంది. ఈ బాక్టీరియా నీటిలో తేలుతూ ఉండేది చాలా తక్కువ. రాళ్ల రంధ్రాల్లో, ఇసుక రేణువుల మీద, ఫిల్టర్ స్పాంజిలో పలుచని పొరగా అంటిపెట్టుకుని ఉంటుంది. కాబట్టి పాత నీరంతా డ్రమ్ముల్లో మోసుకెళ్లి రాళ్లను మాత్రం గోనెసంచిలో ఎండబెట్టి తీసుకెళితే, పోగొట్టుకోకూడనిది పోగొట్టుకున్నట్టే. నీరు సగం పారబోసినా రాళ్లు తడిగా చేరితే తొట్టి చాలావరకు క్షేమంగా చేరినట్టు.

అందుకే ఏ పద్ధతినైనా నేను రెండు ప్రశ్నలతో తూచి చూస్తాను. చేపలు, రాళ్లు దారిలో ఎన్ని గంటలు ఉండాలి? చేపను పట్టడానికి ముందే కొత్త ఇంట్లో ఉప్పు కలిపి, వెచ్చదనం సరిచూసి, పంపుతో తిరుగుతున్న నీరు సిద్ధంగా ఉందా? ఈ రెండింటిలో రెండోదే పెద్ద ప్రశ్న. దానికి "ఉంది" అని జవాబు చెప్పగలిగితే దూరం కాస్త ఎక్కువైనా నెట్టుకురావచ్చు. "వెళ్లాక కలుపుకుంటాం" అన్నవాళ్ల చేపలే రాత్రి పదకొండింటికి బకెట్లలో నోరు తెరుచుకుని పైకి తేలుతుంటాయి.

ఒకే రోజు తరలించడం

ఉదయం విప్పి సాయంత్రానికి మళ్లీ నిలబెట్టడం. బరంపురంలోనే గోసానినువాగాం నుంచి అంబపువాకు మారినా, ఇచ్ఛాపురం, పలాస దాకా వెళ్లినా ఇది చాలు. ఖర్చు తక్కువ, జీవులు ఒక్కసారే కంగారు పడతాయి. కానీ మనుషులు కావాలి. తొట్టి ఎత్తడానికి నలుగురు, చేపల దగ్గర కదలకుండా నిలబడే మనిషి ఒకరు. ఆ అయిదో మనిషి మీరే అయి ఉండాలి, సామాను లెక్కల కోసం మిమ్మల్ని ఎవరూ పిలవకూడదు.

ఈ పద్ధతిలో గెలుపంతా వరుసలో ఉంది. ముందుగా, ఏదీ కదిలించకముందే, పైనుంచి తేట నీటిని గొట్టంతో డ్రమ్ముల్లోకి దించుకోవాలి. రాళ్లను కదిపారంటే అడుగున పేరుకున్న మడ్డి లేచి నీరంతా బురదవుతుంది, ఆ నీరు ఇక చేపలకు పనికిరాదు. నీరు సగానికి దిగాక రాళ్లను ఒక్కొక్కటిగా తీసి, తొట్టి నీరే ఉన్న డబ్బాల్లోకి మార్చాలి. చేపలను పట్టడం ఆ తర్వాతే. రాళ్లుండగా వలతో తరిమితే డామ్సెల్, క్లౌన్ లాంటి చేపలు రాతి సందుల్లో దూరి బయటికి రావు, పొలుసులు ఊడి గాయపడతాయి. రాళ్లు తీసి నీటిని జానెడు లోతుకు దించితే అవే ఒక మూలకు చేరతాయి. వల కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బాతో నీటితో సహా ముంచి తీయడం మేలు.

ప్రతి రాయినీ డబ్బాలో పెట్టే ముందు నీటిపైన ఒక క్షణం వంచి పట్టుకుని చూడండి. గోబీలు, బ్లెన్నీలు రంధ్రాల్లో ఇరుక్కుని ఉంటాయి, నీరు కారుతున్నప్పుడు జారి కింద పడతాయి. రాస్ జాతి చేపలు కొన్ని భయపడితే ఇసుకలోకి దూరిపోతాయి. చేపల లెక్క ముందే కాగితం మీద రాసుకుని, లెక్క సరిపోయేదాకా ఇసుక పారతో తీయవద్దు.

పర్లాకిమిడికి ఒకే రోజులో చేయవచ్చా అంటే, చేయవచ్చు. విప్పడానికి మూడు గంటలు, దారి మూడు నాలుగు గంటలు, నిలబెట్టడానికి మరో నాలుగు. తెల్లవారుజామున మొదలుపెడితే చీకటి పడేలోపు అవుతుంది. ఏ ఒక్కటి ఆలస్యమైనా రాత్రవుతుంది. అలసిన చేతులతో 90 కిలోల అద్దాన్ని మెట్లెక్కించడం నాకు అస్సలు నచ్చదు.

రెండు విడతలుగా తరలించడం

రెండు మూడు గంటలు దాటిన ఏ ప్రయాణానికైనా నేను చెప్పేది ఇదే. ఇల్లు మారడానికి నాలుగైదు రోజుల ముందు కొత్త ఇంట్లో ఒక పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టండి. తిండి పదార్థాలు నిల్వ చేసేందుకు పనికొచ్చే రకం, 300 లీటర్లకు తక్కువ కాకుండా. అందులో ఉప్పునీరు కలిపి పంపు, హీటరు, గాలి బుడగలు వదిలే గాలిరాయి పెట్టి నడిపించండి. మొదటి విడతలో రాళ్లు, చేపలు, ఫిల్టర్ స్పాంజి ఆ టబ్బులోకి వెళతాయి. రాళ్లతో పాటే బాక్టీరియా కూడా వెళుతుంది కాబట్టి టబ్బు మొదటి రోజు నుంచే చాలావరకు పని చేస్తుంది. ఖాళీ తొట్టి, స్టాండు రెండో విడతలో, ఇంటి సామానుతో పాటు నిదానంగా రావచ్చు.

దీనికి ఖర్చు ఎక్కువే. టబ్బు కొనాలి, బండి రెండుసార్లు తిరగాలి, కొత్త ఊళ్లో ఎవరో ఒకరు పంపు ఆగలేదని రోజుకు రెండుసార్లు చూసి రావాలి. పర్లాకిమిడిలో మేనమామ ఇల్లో, రాయగడలో తోటి ఉద్యోగి ఇల్లో ఉంటే ఆ టబ్బును వాళ్ల వరండాలోనే పెట్టించవచ్చు. దీనివల్ల దొరికే భద్రత మాత్రం మరే పద్ధతిలోనూ లేదు. తొట్టి దారిలో పగిలినా, నింపాక మూల కారుతున్నా, స్టాండు వంకరగా ఉందని తేలినా చేపలకు ఏమీ కాదు. ఒకే రోజు పద్ధతిలో అదే జరిగితే చేపలను పెట్టడానికి చోటే ఉండదు.

దుకాణంలోనో స్నేహితుడి ఇంట్లోనో వదలడం

పాత ఇల్లు ఖాళీ చేసే తేదీకి, కొత్త ఇల్లు చేతికొచ్చే తేదీకి మధ్య వారాలు ఉన్నప్పుడు వేరే దారి లేదు. అలాంటప్పుడు సరే. మిగతా సందర్భాల్లో నేను దీన్ని సిఫారసు చేయను. దుకాణంలో చాలా తొట్ల నీరు ఒకే ఫిల్టరు గుండా తిరుగుతుంది. కొత్తగా దిగిన సరుకుతో తెల్లమచ్చల జబ్బు, అంటే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి వస్తే మీ చేపలకూ అంటుతుంది. అక్కడి నుంచి మీ కొత్త తొట్టికీ చేరుతుంది. స్నేహితుడి తొట్టిలో వదిలితే అప్పటికే అక్కడ హద్దులు గీసుకున్న చేపలు కొత్తవాటిని బతకనివ్వవు. తప్పనిసరైతే విడి తొట్టిలో, మీ రాళ్లలో కొన్నిటితో కలిపి ఉంచమని అడగండి. తిరిగి తెచ్చుకున్నాక నాలుగు వారాలైనా వేరుగా పెట్టి చూడండి.

ఇచ్చేసి మళ్లీ మొదలుపెట్టడం

దీన్ని ఓటమిగా చూడనక్కరలేదు. వెళ్లేది మూడో అంతస్తు అద్దె ఇల్లయితే, ఏడాదిలోపు మళ్లీ బదిలీ తప్పదని తెలిస్తే, తొట్టిని చూసుకునే మనిషి ఇంట్లో లేకపోతే చేపలకు మంచి ఇల్లు వెతకడమే వాటికి చేయగల మేలు. కోరాపుట్ దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉంది. చలికాలం రాత్రులు అక్కడ గట్టిగానే వణికిస్తాయి. 25, 26 డిగ్రీలు కోరుకునే తొట్టికి ఒకటికి రెండు హీటర్లు, కరెంటు పోతే ఇన్వర్టరు లేకుండా కుదరదు. ఆ ఏర్పాటు చేయలేనివాళ్లు చేపలను ఇక్కడే ఇచ్చి వెళ్లాలి.

ఒక్కటి మాత్రం చేయవద్దు. గోపాలపూర్ తీసుకెళ్లి "సముద్రం చేపే కదా" అని వదిలేయవద్దు. తొట్టిలో పెరిగిన చేప మోసుకొచ్చే జబ్బు అక్కడి చేపలకు కొత్త కావచ్చు. అట్లాంటిక్ తీరంలో అసలు లేని లయన్ ఫిష్ 1980లలో ఫ్లోరిడా దగ్గర కనబడి, ఆ తర్వాత కరీబియన్ అంతటా పాకింది. ఎవరో పెంచి వదిలేసినవే దానికి మూలమని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు.

మనిషిని పెట్టుకోవాలా?

విశాఖలో, భువనేశ్వర్‌లో అక్వేరియం నిర్వహణ చేసేవాళ్లు దొరుకుతారు. వాళ్లను పిలవడం మంచిదే, కానీ ముందు అడిగి చూడండి. దారిలో చేపలకు గాలి ఎలా అందిస్తారు? రాళ్లను ఎలా తెస్తారు? తొట్టి కారితే చేపలను ఎక్కడ పెడతారు? మూడోదానికి జవాబు తడుముకుంటే వాళ్లకు అద్దం ఎత్తే పని మాత్రమే అప్పగించండి. అద్దాల దుకాణాల్లో పనిచేసే కుర్రాళ్లు వాక్యూమ్ కప్పులతో ఆ పని ఎవరికన్నా బాగా చేస్తారు.

నీరు: మోసుకెళ్లాలా, తెచ్చుకోవాలా, కలుపుకోవాలా?

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పాత నీటిలో బాక్టీరియా పెద్దగా లేదని చెప్పుకున్నాం. అయితే చేపలు, రాళ్లు ప్రయాణించేది అందులోనే కాబట్టి మూడో వంతు నుంచి సగం దాకా తీసుకెళితే సరిపోతుంది. మొత్తం తీసుకెళ్లాలంటే బరువుకు బండి కూడా చాలదు. టాటా ఏస్ లాంటి చిన్న బండి మోయగలిగేది సుమారు 750 కిలోలు. 460 కిలోల నీరు, తొట్టి, రాళ్లు, నలుగురు మనుషులు ఎక్కితే పరిమితి దాటిపోతుంది.

బరంపురంవాళ్లకు గోపాలపూర్ సముద్రం కూతవేటు దూరంలో ఉండటంతో అక్కడి నీరు పట్టుకుందామన్న ఆశ సహజం. ఈ తీరంలో నీటి ఉప్పదనం ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో రుషికుల్య లాంటి నదులు తెచ్చే వరద, ఉత్తరాన మహానది, గంగ, బ్రహ్మపుత్రల మంచినీరు కలిసి బంగాళాఖాతం పైపొరను పలుచన చేస్తాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తీరం వెంట దక్షిణానికి పారే ప్రవాహం ఆ పలుచని నీటిని ఇటే తెస్తుంది. మన తొట్టికి కావలసింది లీటరుకు 35 గ్రాముల లవణం, 1.025 నుంచి 1.026 సాంద్రత. ఆ నెలల్లో ఒడ్డు నీరు ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో చాలా తక్కువ చూపిస్తుంది. ఒడ్డున వల వేసే తెలుగు జాలరులను అడిగితే "ఒడ్డు నీరు వద్దు బాబూ, పోటు మీద లోపలికెళ్లి తెచ్చుకో" అంటారు. వాళ్ల మాట నిజం. అలా తెచ్చిన నీటిలోనూ కంటికి కనబడని జీవులుంటాయి. వడగట్టి, వెలుతురు తగలకుండా రెండు మూడు వారాలు నిలవ ఉంచి, మడ్డి దిగాక వాడుకోవాలి. ఇల్లు మారే రోజున పచ్చి సముద్రపు నీటిలో చేపలను వదలడం నేను ఒప్పుకోను.

కాబట్టి కలుపుకోవడమే. లీటరుకు 36 నుంచి 38 గ్రాముల అక్వేరియం ఉప్పు పడుతుంది. 300 లీటర్లు కొత్తగా కలపాలంటే 11 కిలోల ఉప్పు దగ్గర పెట్టుకోండి. వంటింటి ఉప్పు, కళ్లుప్పు దీనికి పనికిరావు, వాటిలో కాల్షియం, మెగ్నీషియం కావలసిన పాళ్లలో ఉండవు. నీటి సంగతికొస్తే, బోరు నీరు నేరుగా వాడవద్దు. ఇంట్లో ఆర్ఓ యంత్రం గంటకు 10, 15 లీటర్ల కంటే ఎక్కువ ఇవ్వదు, అంటే 300 లీటర్లకు ఒక రోజంతా నడవాలి. అంత తీరిక లేకపోతే ఊళ్లోని మినరల్ వాటర్ ప్లాంటుకు వెళ్లి 20 లీటర్ల క్యాన్లు పదిహేను తెప్పించుకోండి. ఖనిజాలు కలపకముందు నీరే కావాలని ముందే చెప్పి, నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ముంచి చూసి తీసుకోండి. పర్లాకిమిడిలో, రాయగడలో, జయపురంలో ఎక్కడైనా ఇది కుదురుతుంది. ఉప్పు కలిపాక 24 గంటలు పంపు తిరగాలి. అప్పుడే కలిపిన నీరు చేపల మొప్పలను మండిస్తుంది.

సంచులా, డ్రమ్ములా?

మన తీరంలో రొయ్య పిల్లల హ్యాచరీలు చూసినవాళ్లకు ఆక్సిజన్ ప్యాకింగ్ కొత్త కాదు. సంచిలో మూడో వంతు నీరు, మిగతాదంతా ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండుతో బిగించి, థర్మోకోల్ పెట్టెలో పేర్చి లారీ ఎక్కిస్తారు. మీ చేపలను విడివిడిగా అలా ప్యాక్ చేయించుకోవచ్చు. విశాఖ దాకా, అంతకంటే దూరమైనా ఇది చక్కగా పనిచేస్తుంది. ఒకదాన్నొకటి కరిచే ట్రిగ్గర్లకు, గ్రూపర్లకు, ఉప్పదనం కాస్త మారినా తట్టుకోలేని రొయ్యలకు ఇదే మేలు. తోక దగ్గర కత్తిలాంటి ముల్లుండే టాంగ్ చేపలకు సంచులు రెండు పొరలుగా ఉండాలి, లేకపోతే చీరేస్తాయి.

సంచితో ఒక ప్రమాదం ఉంది. మూసిన సంచిలో చేప వదిలే కార్బన్ డయాక్సైడు వల్ల నీటి పీహెచ్ పడిపోతుంది. పీహెచ్ తక్కువగా ఉన్నంతసేపూ పోగైన అమ్మోనియా పెద్దగా విషం కాదు. మూతి విప్పగానే ఆ వాయువు బయటికి పోయి పీహెచ్ లేస్తుంది, అదే అమ్మోనియా అప్పుడు చేపను కాల్చేస్తుంది. అందుకని అయిదారు గంటలకు పైగా మూసి ఉంచిన సంచిని విప్పి గంటసేపు చుక్క చుక్కగా కొత్త నీరు కలుపుతూ కూర్చోవద్దు. మూయకముందే సంచి నీటి ఉప్పదనం రాసుకుని, కొత్త ఇంట్లో నీటిని అంతకే సరిచేసి ఉంచండి. సంచిని మూసినట్టే పావుగంట తేలనిచ్చి వేడి సమం కాగానే విప్పి చేపను మార్చేయండి. సంచి నీరు తొట్టిలో పోయవద్దు.

రెండు మూడు గంటల ప్రయాణానికి మూత ఉన్న డ్రమ్మే సులువు. మూడింట రెండు వంతులు నింపి, మూతకు చిన్న రంధ్రం పెట్టి, బ్యాటరీ ఎయిర్ పంపు గొట్టం దించండి. రెండో పంపు, కొత్త బ్యాటరీలు చేతి సంచిలో ఉండాలి. ఉత్త నీరు తీసుకెళ్లే డ్రమ్ములను మాత్రం అంచుదాకా నింపండి, వెలితి ఉంటేనే నీరు ఊగి బండిని లాగుతుంది. సంచి అయినా డ్రమ్మయినా రెండు రోజుల ముందు నుంచి మేత ఆపేయాలి. పస్తుంటే చేపకేమీ కాదు, తిన్నది దారిలో విసర్జిస్తేనే నీరు చెడుతుంది. పఫర్ చేపను నీటిలోంచి గాలిలోకి ఎత్తకండి, గాలి మింగి ఉబ్బితే దాన్ని బయటికి వదలలేక చనిపోవచ్చు. లయన్ ఫిష్ ముల్లు గుచ్చుకుంటే చేతిని తట్టుకోగలిగినంత వేడి నీటిలో ఉంచి ఆసుపత్రికి వెళ్లండి.

రాళ్లకు సంచులు వద్దు. తొట్టి నీటిలో మునిగి ఉండటం ఉత్తమం. చోటు లేకపోతే ఉప్పునీటిలో తడిపిన పాత దినపత్రికలు చుట్టి థర్మోకోల్ పెట్టెలో పెడితే కొన్ని గంటలు ఓర్చుకుంటాయి. వెంట్రుకల్లా ఊగే గుండీల ఆకారపు జొయాంతిడ్‌లు అంటుకున్న రాళ్లుంటే చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వాటిలో కొన్నిటిలో ఉండే పాలిటాక్సిన్ మనుషులకే ప్రాణాంతకం. అలాంటి రాళ్లను శుభ్రం చేస్తామని వేడినీటిలో ఉడికించడం ఎప్పుడూ చేయకూడదు, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన కుటుంబాలున్నాయి.

మూతపెట్టే క్యానిస్టర్ ఫిల్టరును నీటితో అలాగే బిగించి తీసుకెళ్లకండి. కరెంటు లేకుండా గంటలు గడిస్తే లోపల ఆక్సిజన్ అయిపోయి బాక్టీరియా చనిపోతుంది, కొత్త ఇంట్లో స్విచ్ వేయగానే ఆ కుళ్లంతా తొట్టిలోకి వస్తుంది. లోపలి స్పాంజి, సిరామిక్ ముక్కలు తీసి రాళ్లతో పాటు ఉంచండి. నీటిని చల్లబరిచే చిల్లరును నిలువుగానే నిలబెట్టి తీసుకెళ్లాలి, పడుకోబెట్టాల్సి వస్తే వెంటనే స్విచ్ వేయకుండా కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాలి.

ఇసుక, అద్దం

తొట్టి పక్క అద్దంలోంచి ఇసుకను చూడండి. అడుగున నల్లటి చారలు కనిపిస్తే వేలితో ఒకచోట పొడిచి చూడండి. బుడగ పైకొచ్చి కుళ్లిన గుడ్డు వాసన వేస్తే అది హైడ్రోజన్ సల్ఫైడు. అంత మందంగా, రెండు మూడేళ్లుగా కదపకుండా ఉన్న ఇసుకను అలాగే కొత్త ఇంటికి తీసుకెళ్లడం చేపలకు విషం పెట్టడమే. పైపొర నుంచి ఒకటి రెండు మగ్గులు తీసుకుని, మిగతాది పారేసి కొత్త ఇసుక పోయండి. పలుచగా, తెల్లగా ఉన్న ఇసుకనైతే పారబోయే తొట్టి నీటితోనే తేట వచ్చేదాకా కడిగి వాడుకోవచ్చు.

పదేళ్లు దాటిన తొట్టి అయితే దాన్ని తరలించడం మీద డబ్బు పెట్టకండి. సిలికాన్ అతుకులు ఒకే చోట నిలిచినంతకాలం బాగానే ఉంటాయి, ఎత్తి దించినప్పుడు మూలలు విడిపోతాయి. విశాఖలోనో బరంపురంలోనో కొత్తది కట్టించి నేరుగా కొత్త ఇంటికి పంపించుకోవడం చవక. పాతదే తీసుకెళ్లేవాళ్లు అందులో చెంబెడు నీరు గానీ, గుప్పెడు ఇసుక గానీ ఉంచకూడదు. కింద చెక్క పలక, దాని మీద థర్మోకోల్ షీటు వేసి, పై అంచులు పట్టుకోకుండా అడుగు నుంచే ఎత్తాలి. కొత్త ఇంట్లో స్టాండు నాలుగు వైపులా రసమట్టం పెట్టి చూడండి. మంచినీటితో నింపి ఒక రోజు ఆగి, మూలల వెంట పొడి కాగితం అద్ది చూశాకే ఉప్పునీరు. రెండు విడతల పద్ధతి ఎంచుకున్నవాళ్లకే ఆ ఒక రోజు దొరుకుతుంది, అందుకే నాకు ఆ పద్ధతి మీద అంత మక్కువ.

పై అంతస్తులో పెడుతుంటే ఇంకో లెక్క. మన దేశంలో ఇళ్ల శ్లాబులను సాధారణంగా చదరపు మీటరుకు 200 కిలోల బరువుకు రూపొందిస్తారు. మనం చెప్పుకున్న తొట్టి తన కింద ఉన్న చోటు మీద చదరపు మీటరుకు 900 కిలోలకు పైగా మోపుతుంది. హాలు నడిమధ్యన వద్దు. గోడకు ఆనించి, కింద బీము ఉన్నచోటే పెట్టి, ముందుగా ఇంటి ఇంజినీరును ఒక మాట అడగండి.

దారి, కాలం, కాగితాలు

బరంపురం నుంచి పర్లాకిమిడికి తప్తపాణి, మోహన మీదుగా కొండ దారి ఉంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి దాటి పాతపట్నం మీదుగా వచ్చే దారీ ఉంది. చేపలున్నప్పుడు రెండోదే ఎంచుకోండి. ఘాట్ మలుపుల్లో డ్రమ్ములు ఒకవైపుకు ఒరుగుతాయి, నీరు మూతల్లోంచి చిమ్ముతుంది, బండి ఆగితే సాయం దొరకదు. రాయగడ, కోరాపుట్ వెళ్లేవాళ్లకు కొండలు ఎలాగూ తప్పవు కాబట్టి వాళ్లు సంచుల ప్యాకింగే నమ్ముకోవాలి.

వేసవిలో రాత్రి బయలుదేరండి. అక్టోబరును వీలైతే తప్పించండి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాయి. తిత్లీ తర్వాత గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడ్డాయి. అలాంటప్పుడు రోజుల తరబడి కరెంటు లేని ఇంట్లో, అప్పుడే పెట్టిన తొట్టిని బతికించడం చాలా కష్టం.

రాష్ట్ర సరిహద్దు దాటుతున్నారు కాబట్టి చట్టం సంగతి తెలిసి ఉండాలి. రీఫ్ కట్టే పగడాలు, సముద్ర గుర్రాలు, సముద్ర దోసకాయలు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లోని మొదటి షెడ్యూలులో ఉన్నాయి. మన సముద్రం నుంచి తీసిన పగడం, ప్రాణం ఉన్నా లేకపోయినా, ఇంట్లో ఉంచుకోవడానికే వీల్లేదు. అది "లైవ్ రాక్" పేరుతో అమ్మినా అంతే. విదేశాల నుంచి చట్టబద్ధంగా వచ్చిన, సైట్స్ (అరుదైన జీవుల వ్యాపారంపై అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉన్న జీవులుంటే వాటి దిగుమతి కాగితాలు, కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో చేయించిన నమోదు దగ్గర ఉంచుకోండి. చేపల దుకాణం రసీదులు కూడా బండిలోనే పెట్టుకోండి. ఇచ్ఛాపురం దగ్గర ఎవరైనా డ్రమ్ముల్లో ఏముందని ఆపితే మూతలు తీసి వెతికేదాకా పోకుండా అవి పని ముగిస్తాయి.

మొదటి రెండు వారాలు

చేపలను కొత్త నీటిలోకి వదిలిన రాత్రి దీపాలు వేయకండి, మేత వేయకండి. మర్నాడు చిటికెడు చాలు. రాళ్ల మీద ప్రయాణంలో కొంత చచ్చిపోయి ఉంటుంది, అది కుళ్లుతూ అమ్మోనియా వదులుతుంది. అందుకని రోజూ అమ్మోనియా, నైట్రైటు పరీక్ష చేయండి. అమ్మోనియా ఏమాత్రం కనిపించినా నాలుగో వంతు నీరు మార్చాలి, అంటే వంద లీటర్లకు సరిపడా కలిపిన నీరు మొదటి రోజు నుంచే ఒక డ్రమ్ములో విడిగా ఉండాలి. ఉప్పదనం పొద్దున, సాయంత్రం చూడండి. కొత్త ఇంట్లో ఫ్యాను గాలి ఎటు తగులుతుందో, నీరు ఎంత ఆవిరవుతుందో అప్పుడే తెలుస్తుంది. రెండు వారాలు వరుసగా అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించి, అన్ని చేపలూ మేతకు పైకి వస్తుంటే పాత మోతాదుకు రండి. కొత్త చేప కొనడానికి ఇంకో నెల ఆగండి.